మ్యాట్నీలో గోడకుర్చీ

సినిమాహాల్లో ఆపరేటర్‌గా పనిచేసినవాడు సినిమాల కంటే ఎక్కువగా చూసేది జనం వీపులు. క్యాబిన్ గోడకున్న చిన్న అద్దం కిటికీలోంచి నేను ఉద్యోగకాలమంతా సత్తెనపల్లి జనం వీపులే చూశాను. నవ్వే వీపు, ఏడ్చే వీపు, కునికిపాట్లు పడే వీపు, దేనికదే తెలిసిపోతుంది. ఇప్పుడు రిటైరై ఇంటిపట్టున ఉంటే మా వీధి కుర్రాళ్ళు అడుగుతుంటారు, "అన్నేళ్ళు చేశావుగదా పెద్దాయనా, ఏ సినిమాకి జనం బాగా ఊగిపోయారు?" అని. వాళ్ళు ఎదురుచూసేది ఏదో ఒక పెద్ద హీరో పేరు. నేను చెప్పేదేమో జనం ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్న సినిమా గురించి. మొదలుపెట్టగానే వాళ్ళకి నీరసం వస్తుంది. మీరైనా కాస్త ఓపిక పట్టండి.

అది నా ఉద్యోగం చివరి రోజుల సంగతి. రీళ్ళు పోయి, సినిమా అంతా ఒక చిన్న డబ్బాలో పెట్టుకొచ్చే కాలం. క్రిస్మస్ వెళ్ళింది, కొత్త సంవత్సరం వచ్చింది, చుట్టుపక్కల మిరపచేలు ఎర్రబడుతున్నాయి. మా మేనేజరు ఆశలన్నీ పెట్టుకున్న పెద్ద సినిమా వాయిదా పడింది. వారం రోజులు తెర ఖాళీ. మా మేనేజరు బొద్దింక ఎదురైనా పక్కకి తప్పుకుని దారిచ్చే మనిషి. ఓనరుకి ఏం చెప్పాలా అని తల పట్టుకుని కూర్చున్నప్పుడు, గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకతను స్కూటర్ మీద వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. తను తీసిన సినిమా వెయ్యమని అడిగాడు.

"పాటలున్నాయా?" అన్నాడు మేనేజరు.

"లేవండి."

"ఫైట్లు?"

"కొట్టడం గురించేనండి సినిమా. కానీ ఫైట్లు లేవు."

స్కూల్లో పిల్లల్ని కొట్టడం గురించిన సినిమా అది. ఊరి బయట హాస్టలున్న స్కూలు, అందులో ఒక క్లాసు. ఒక పిల్లవాడు ఒకరోజు నుంచి రాడు. ఏమైందో ఎవరూ చెప్పరు. వాడి బెంచీలో మిగతావాళ్ళు కొంచెం కొంచెం జరిగి, ఆ ఖాళీని పూడుస్తారు. అంతే కథ. ఎక్కడా ఒక్క దెబ్బ కనిపించదు, బెత్తం కనిపించదు, మాస్టారి మొహమైనా కనిపించదు. "నేను చదివిన హాస్టలు ఇట్లాంటిదేనండి" అన్నాడతను నాతో, క్యాబిన్‌లోకి వచ్చి డబ్బా ఇచ్చేటప్పుడు. చాలా మెల్లగా మాట్లాడేవాడు, గోడకి చెవులున్నట్టు.

అతను కోరింది ఒక్కటే. ఆట ముగియకముందు తలుపులు తియ్యొద్దన్నాడు. మా వైపు హాళ్ళలో పని చేసినవాళ్ళకి ఇది తెలుసు. క్లైమాక్స్ ఇంకా నడుస్తూ ఉండగానే గేటు మనిషి పక్క తలుపులు బార్లా తెరిచేస్తాడు. జనం త్వరగా బయటికి పోవాలి, పై ఆటకి ఊడ్చుకోవాలి. మ్యాట్నీ అయితే బయటి ఎండ తెర మీద పడి, చచ్చిపోయే హీరోయిన్ తెల్లగా వెలిసిపోతుంది. ఎవరూ ఏమీ అనుకోరు.

మా గేటు మనిషికి ఆ కోరిక నచ్చలేదు. వాడూ నేనూ ఒకే ఈడువాళ్ళం, ఒరే అంటే ఒరే అనుకునేవాళ్ళం. ఆదివారం పొద్దున చర్చిలో గంట కొట్టి, మధ్యాహ్నానికి హాలు గేట్లో నిలబడేవాడు. వాడి ప్రాణమంతా మనవరాలి మీద. అల్లుడు లేడు, కూతురు మిరపకాయల కోతకి ఊళ్ళు పట్టుకు తిరుగుతుంది. ఆ పిల్ల ఆ కారంలోకి దిగకూడదని, నర్సు కోర్సు చదవాలని వాడి పంతం. చర్చి పెద్దల్ని బతిమాలి, గుంటూరు వెళ్ళే దారిలో ఉన్న ఒక హాస్టలు స్కూల్లో సీటు సంపాదించాడు. ఏడో తరగతి. క్రిస్మస్ సెలవులకి ఇంటికొచ్చింది. సోమవారం మళ్ళీ దిగబెట్టాలి.

"ఆ పిల్ల ఈసారి వెళ్ళనంటందిరా" అన్నాడు నాతో, సినిమా మొదలయ్యే రోజున.

"ఎందుకంట?"

"ఏమో. అడిగితే చెప్పదు. ఏడవను గూడా ఏడవదు. మూలన కూర్చుంటది. బద్ధకం. నన్ను మా మాస్టారు ఈతబెత్తంతో బాదబట్టేగా బోర్డులు చదవడం వచ్చింది."

"నీకొచ్చింది బోర్డులు చదవడమే కదరా" అన్నాను. వాడు నా వీపు మీద ఒకటి చరిచి గేటుకి పోయాడు.

మొదటి మ్యాట్నీకి మిర్చి యార్డులో బస్తాలు మోసే జట్టువాళ్ళు కొందరు, పత్తి అమ్ముకుని ఊళ్ళోకి వచ్చిన రైతులు కొందరు, కాలేజీ కుర్రాళ్ళు. పేర్లు పడుతుంటేనే ఈలలు వేశారు. కాసేపటికి "ఏందిరా ఇది, ఎవుడూ మాట్టాడడు?" అని అరిచారు. నాకూ కొంచెం నవ్వొచ్చింది. అప్పుడు ఆ సీను వచ్చింది.

క్లాసు వెనక గోడ దగ్గర కెమెరా పెట్టి తీశాడు. ముందు పిల్లల వీపులే వరసలు వరసలుగా కనిపిస్తాయి. పైన ఒక ఫ్యాను తిరుగుతుంటుంది. ఎవరూ కదలరు. చాలాసేపు అంతే. నా కిటికీలోంచి చూస్తే ముందు మా జనం వీపులు, వాటి తర్వాత తెరలో పిల్లల వీపులు. చీకట్లో తెర ఎక్కడ మొదలైందో తెలియలేదు, హాలే అలా లోపలికి సాగిపోయినట్టుంది. చివర ఎక్కడో నల్లబల్ల.

ఈలలు ఆగిపోయాయి. వెనకనుంచి చెప్పుల చప్పుడు వినిపించింది. తోలు చెప్పులు, మెల్లగా, నాలుగడుగులు వేసి ఆగి, మళ్ళీ నడుస్తూ. గేటు మనిషి లోపలికి వచ్చాడేమో అనుకున్నాను. రాలేదు. నేను చూస్తుండగానే మా హాల్లో వీపులు ఒక్కొక్కటీ నిటారుగా అయ్యాయి. ముందు కుర్చీ మీద కాళ్ళు చాపుకున్నవాళ్ళు కాళ్ళు దించారు. బస్తాలు మోసే మనుషులు, మీసాలు నెరిసినవాళ్ళు, చేతులు కట్టుకున్నారు. ఒకాయన నోటిమీద వేలు కూడా వేసుకున్నాడు. ఎవరూ వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏమవుతుందో తెలిసినవాళ్ళలా కూర్చున్నారు. చివరికి నా సంగతి చూసుకుంటే, క్యాబిన్‌లో ఒక్కణ్ణే ఉన్నా నా చేతులూ కట్టుకునే ఉన్నాయి.

ఆట అయ్యాక సగం మంది మేనేజరు మీదకి వచ్చారు. ఒక మిర్చి రైతు గొంతు అందరికంటే పెద్దది. "సదువు చెప్పే పంతుళ్ళని రాక్షసుల్ని చేశాడు వాడెవుడో! నాలుగు తగిలించకపోతే పిల్లలు చెప్పినట్టు ఇంటారా? ఇసుంటి సినిమాలు ఏస్తారా మీరు?" అన్నాడు. పక్కనే ఒక ట్యూషన్లు చెప్పే ఆవిడ, "ఒక్క దెబ్బ కూడా చూపించలేదు కదండీ, మీకు రాక్షసుడు ఎక్కడ కనిపించాడు?" అని అడిగింది. అతను కండువా దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నోటిమీద వేలు వేసుకున్నది ఆయనే. మిగతా సగం మంది లైట్లు వేసినా లేవలేదు. ఊడ్చే మనిషి వచ్చి, చీపురు నేలకేసి కొడితే అప్పుడు లేచారు.

అందులో ఒకాయన బయటికొస్తూ నాతో అన్నాడు. "వెనక స్పీకర్లలో ఆ చెప్పుల చప్పుడు భలే పెట్టాడండీ, నిజంగా మనిషి నడిచినట్టే ఉంది." నేను తలూపాను. ఆయన వెళ్ళాక గుర్తొచ్చింది. మా వెనక స్పీకర్లు ఏనాడో చచ్చిపోయాయి. ఎలకలు కొరికిన వైర్లు నేనే పీకేశాను. ఓనరు కొత్తవి వేయించలేదు, జనం అడగలేదు.

బ్రాడీపేట అతనికి ఫోన్ చేశాను. "ఆ సీన్లో చెప్పుల చప్పుడు ముందు స్పీకర్లలోనే పెట్టావా?" అన్నాను. "ఆ సీన్లో చెప్పుల చప్పుడు లేదండి. ఫ్యాను చప్పుడొక్కటే ఉంది" అన్నాడు. "మీకు కూడా వినిపించిందా అండీ?" అని అడిగాడు.

నేను దేవుణ్ణీ దెయ్యాన్నీ సమానంగా నమ్మని మనిషిని. ఫ్యాను కిర్రుమంటుంటే మనకి అలా అనిపించిందని సరిపెట్టుకున్నాను. మర్నాడు సినిమా నడుస్తుంటే ఆ సీను దగ్గర చెవులు రిక్కించి విన్నాను. నడిచారు. ఎవరో నా కిటికీ కింద నుంచి మొదలుపెట్టి మధ్య దారిలో కిందికి దిగుతూ నడిచారు. ఆ పూట క్యాబిన్ తలుపుకి లోపల గడియ పెట్టుకున్నాను. ఇంత వయసొచ్చి ఇదేం పిరికితనం అని నన్ను నేను తిట్టుకున్నాను కూడా.

ఊళ్ళో టీకొట్ల దగ్గర ఇదే గొడవ. చూసినవాళ్ళు రెండు జట్లయ్యారు. సినిమాలో ఏమీ లేదని ఒక జట్టు, చూడలేకపోయామని ఒక జట్టు. ఏమీ లేదన్నవాళ్ళకే కోపం ఎక్కువ. ఇద్దరు ముగ్గురు స్కూళ్ళవాళ్ళు మేనేజరుకి కబురు పెట్టారు, ఆపమని. ఆయన చెమటలు తుడుచుకుంటూ ఆదివారంతో సరి అన్నాడు. సోమవారం నుంచి పాత హిట్ సినిమా ఒకటి వేస్తామని బోర్డు కూడా రాయించాడు.

మా గేటు మనిషిది ఏమీ లేదన్నవాళ్ళ జట్టే. గేట్లో నిలబడి వచ్చిపోయేవాళ్ళందరితో వాదించేవాడు. శనివారం నా దగ్గరికొచ్చి, "రేపు మా పిల్లని తీసుకొస్తన్నారా" అన్నాడు.

"ఈ సినిమాకా? నీకేమన్నా మతి పోయిందా?"

"దీన్లో దెబ్బలేమన్నా ఉన్నయ్యా? లేవు. అందరూ ఊరికే భయపడతన్నారు. చూస్తే దానిక్కూడా తెలుసుద్ది, బడంటే ఏమీ లేదని. భయం పోయిద్ది. సోమవారం నవ్వుకుంటా బస్సెక్కుద్ది."

వద్దని గట్టిగా చెప్పాను. చెప్పిన మాట వినే రకం అయితే వాడు వాడెందుకవుతాడు. ఆదివారం చర్చి నుంచి నేరుగా తీసుకొచ్చాడు. క్రిస్మస్‌కి కుట్టించిన గౌను వేసుకుంది. సన్నగా, బెదురుకళ్ళతో ఉంది. బిస్కెట్ ప్యాకెట్ ఇస్తే రెండు చేతులతో అందుకుని, తినకుండా పట్టుకుంది. తలుపుకి దగ్గరగా, వరస చివరి కుర్చీలో కూర్చోబెట్టాడు, తన కళ్ళ ముందు ఉంటుందని.

గొడవ పుణ్యమా అని ఆ వేళ హాలు బాగానే నిండింది. నిజం చెప్పాలంటే నేను సినిమా చూడలేదు. ఆ చిన్న వీపునే చూస్తూ కూర్చున్నాను. ఇంటర్వెల్ దాకా అది కదలలేదు. తర్వాత ఆ సీను వచ్చింది. ఫ్యాను తిరిగింది. జనం చేతులు కట్టుకున్నారు. నా కిటికీ కింద చెప్పులు నడవడం మొదలైంది.

అప్పుడు ఆ పిల్ల లేచింది. తడుముకోలేదు, తొందరపడలేదు. బిస్కెట్ ప్యాకెట్ కుర్చీలో పెట్టింది. పక్కనే ఉన్న గోడ దగ్గరికి నడిచి, గోడకి వీపు ఆనించి, మోకాళ్ళు వంచి కిందికి జారింది. చేతులు ముందుకి చాపింది. గోడకుర్చీ. తన పని తనకి తెలిసినదాన్లా అలా ఆగిపోయి, తెర వైపు కూడా చూడకుండా నేల వైపు చూస్తూ ఉంది.

నేను మెట్లు దిగి పరిగెత్తాను. అప్పటికే వాడు ఆమె ముందు టార్చితో నిలబడి ఉన్నాడు. వెలుగు ఆమె మోకాళ్ళ మీద పడింది. ఆ కాళ్ళు కదలడం లేదు.

"లెగవే. ఏందే ఇది, లెగు" అంటున్నాడు గొంతు తగ్గించి.

"సార్ చెప్పలేదుగా తాతా" అంది.

"ఏ సారు? ఇక్కడ ఏ సారున్నాడే?"

ఆమె తల ఎత్తకుండా, పెదాలు కూడా సరిగా కదపకుండా చెప్పింది. "వెనక నడుస్తున్నారుగా."

వాడు వెనక్కి తిరిగి చూశాడు. నేనూ చూశాను. చీకట్లో వరసలు వరసలుగా చేతులు కట్టుకున్న పెద్దవాళ్ళు. ఒక పిల్ల గోడకుర్చీ వేస్తే, ఇద్దరు ముసలాళ్ళు టార్చి పట్టుకుని నిలబడితే, ఒక్క తల ఇటు తిరగలేదు. "ప్రభువా" అన్నాడు వాడు. టార్చి జేబులో పెట్టుకుని ఆమెను రెండు చేతులా ఎత్తుకున్నాడు. గాల్లోకి లేచినా ఆ కాళ్ళు కుర్చీలాగే ముడుచుకుని ఉన్నాయి. బయట ఎండలో మెట్ల మీద కూర్చోబెట్టి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా రుద్ది చాపాల్సి వచ్చింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాడు మాత్రం ఏడవలేదు, అడుగుతూనే ఉన్నాడు.

"ఎందుకేయించేవాడు?"

"హిందీ రాలేదని."

"ఎంతసేపు?"

"మిగతావాళ్ళు అన్నం తిని వచ్చేదాకా."

"మరి నాతో చెప్పలేదేందే తల్లీ?"

ఆ పిల్ల వాడి మొహంలోకి చూసింది. అందులో కోపం లేదు. "చెప్పాగా తాతా. వెళ్ళనని చెప్పాగా" అంది.

సోమవారం ఆమెను తల్లి దగ్గరికి పంపించి, పెట్టె తెచ్చుకోవడానికి వాడు ఒక్కడే బస్సెక్కబోతుంటే నేనూ ఎక్కాను. మ్యాట్నీ వేళకి తిరిగి రావచ్చనుకున్నాను. దారి పొడుగునా వాడు కిటికీలోంచి మిరపచేలు చూస్తూ కూర్చున్నాడు. తలగుడ్డలు చుట్టుకుని ఆడవాళ్ళు వంగి కాయలు కోస్తున్నారు. చదువు మానిపిస్తే ఆ పిల్ల ఎక్కడికి చేరుతుందో వాడికి ఆ కిటికీలో కనిపిస్తూనే ఉంది.

స్కూలు శుభ్రంగా ఉంది. సున్నాలు వేసిన గోడలు, పూలకుండీలు. మేమిద్దరం వరండాలో నడుస్తుంటే ఒక్క గది నుంచి కూడా పిల్లల గోల వినిపించలేదు. సెలవులు ఇంకా అవలేదేమో అనుకున్నాను. ఒక కిటికీలోంచి చూస్తే క్లాసు నిండా పిల్లలు, మాస్టారు లేడు. అందరూ చేతులు కట్టుకుని, నోటిమీద వేళ్ళు వేసుకుని, నల్లబల్ల వైపు చూస్తున్నారు. పక్క గదీ అంతే. ఆ పక్కదీ అంతే. ఏం జరుగుతోందో నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. మా చెప్పుల చప్పుడు విని వాళ్ళలా అయిపోతున్నారు. వాడు నాకంటే ముందే గ్రహించాడు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. నేనూ విప్పాను. అక్కణ్ణించి ఆఫీసు గది దాకా వట్టి కాళ్ళతో నడిచాం.

ప్రిన్సిపాలు మర్యాదస్తుడు. కుర్చీలు వేయించాడు. "అది చిన్న క్రమశిక్షణ అండి. చేర్పించిన రోజున మీరే కదా, భయం చెప్పండి సార్, నేను అడగను అన్నారు" అన్నాడు.

"అన్నాను" అన్నాడు వాడు. "ఇప్పుడు అడుగుతున్నా. పెట్టె ఇప్పించండి."

హాస్టలు గదిలో ఆ పిల్ల పెట్టె పక్కన, జ్వరమని క్లాసుకి పోని ఇంకో చిన్నపిల్ల పడుకుని ఉంది. లేచి కూర్చుని, మమ్మల్ని చూసి, "మా అమ్మకి ఫోన్ చేస్తావా తాతా? నంబరు నాకొచ్చు" అంది గుసగుసగా. వాడు చేశాడు. తల్లి దగ్గర్లోనే ఒక చేలో కోతలో ఉంది. ఆటో ఎక్కి వచ్చేసింది. చేతులు మిరపఘాటుతో మండుతుంటాయి కదా, కూతురి మొహం ముట్టుకోకుండా మోచేతులతో దగ్గరికి లాక్కుంది. ఒళ్ళు కాలిపోతుంటే చెప్పలేదేంటని ప్రిన్సిపాలుని అడిగింది. ఆయన ఏదో చెప్పాడు. ఆవిడ వినలేదు, పిల్లని నడిపించుకుని బయల్దేరింది.

నలుగురం గేటు దాకా వచ్చాం. వాడి నెత్తిన రేకు పెట్టె. బస్సు వచ్చే వేళయింది. అప్పుడు ఆ చిన్నపిల్ల, హోంవర్కులో ఏదో సందేహం అడిగినట్టు, వాడి పంచె పట్టుకుని అడిగింది. "అక్కా నేనూ లేకపోతే రేపట్నించి గోడ దగ్గర ఎవరు కూర్చుంటారు తాతా?"

వాడు నిలబడిపోయాడు. తల్లి పిల్లని "ఊరుకో" అని లాక్కుని వెళ్ళింది. బస్సు వచ్చి ఆగింది. వాడు పెట్టె దించి గేటుకి అడ్డంగా పెట్టి, దాని మీద కూర్చున్నాడు.

"నువ్వు ఎక్కరా. గేట్లో ఇంకెవర్నన్నా పెట్టుకోమని మేనేజరుకి చెప్పు. మిగతా పిల్లల అమ్మానాన్నలు వచ్చిందాకా నేను ఈడ్నించి లేవను."

బస్సు వెళ్ళిపోయింది. నేను వెళ్ళి పెట్టె మీద వాడి పక్కన సర్దుకుని కూర్చున్నాను. కోత చేలల్లో కబురు పాకి, సాయంత్రానికి చాలామంది తల్లిదండ్రులు చేరారు. వాళ్ళలో సగం మంది పిల్లల చదువు పాడుచేస్తున్నామని మమ్మల్ని తిట్టడానికే వచ్చారు. మేం లేవలేదు. ఆ వేళ సత్తెనపల్లిలో మా హాల్లో మ్యాట్నీ పడలేదు. నా సర్వీసు మొత్తంలో నేను ఎగ్గొట్టిన ఆట అదొక్కటే.